ఫలితం చేతిలో పెట్టుకుని ఏడు నెలలా?

హైదరాబాద్, మే 2021

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి,


మే 17న కొవిడ్ చికిత్స మార్గదర్శకాల నుంచి, కోలుకున్నవాళ్ల ప్లాస్మా ఎక్కించే చికిత్సను తీసేశారు. మంచిదే. కానీ ఇప్పుడా?

ప్లాస్మాతో ప్రయోజనం లేదని మొదట తేల్చిన పెద్ద ట్రయల్ మీదే కదా! ‘ప్లాసిడ్’లో 39 ఆసుపత్రులు, 464 మంది రోగులు. ప్లాస్మా ఎక్కించినవాళ్లలో 34 మంది, ఎక్కించనివాళ్లలో 31 మంది చనిపోయారు. జబ్బు ముదరడమూ ఆగలేదు. 2020 అక్టోబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. ఆసుపత్రులు కిటకిటలాడే రోజుల్లో అంత పద్ధతిగా ట్రయల్ నడిపిన వైద్యులకు చేతులెత్తి మొక్కాలి. మరి ఆ ఫలితాన్ని మీరే ఎందుకు పక్కన పెట్టారు? నవంబరులో విచ్చలవిడిగా వాడొద్దని సలహా ఇచ్చి ఊరుకున్నారేం? ఈ ఏప్రిల్ మార్గదర్శకాల్లో మళ్లీ చోటెందుకిచ్చారు?

దాని పర్యవసానం మీకు తెలియనిదా? ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా పేషెంటు పేరు, బ్లడ్ గ్రూపు, ఆక్సిజన్ శాతం, అటెండరు ఫోన్ నంబరు, కింద ‘అర్జెంటుగా ప్లాస్మా కావాలి’. తండ్రి దగ్గరుండాల్సిన కొడుకు దాత కోసం ఊరంతా తిరిగాడు. తీరా దొరికిన దాతకు యాంటీబాడీలు చాలవని బ్లడ్ బ్యాంకు తిప్పి పంపితే కథ మళ్లీ మొదటికొచ్చింది. కొవిడ్ నుంచి కోలుకుని నెల తిరక్కుండానే మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కి, యంత్రానికి చేయి అప్పగించి కూర్చున్నవాళ్ల మంచితనానికి ఏం జవాబు చెబుతారు?

అదే మే 17న ఢిల్లీలో 2-డీజీ అనే కొవిడ్ మందు పొడి విడుదలైంది. అందులో మన డాక్టర్ రెడ్డీస్ పాత్ర ఉన్నందుకు సంతోషమే. కానీ 220 మందిపై జరిగిన మూడో దశ ట్రయల్ పూర్తి వివరాలు ఏ జర్నల్‌లోనూ రాకముందే ఆ తొందరేమిటి? అనుమతి డ్రగ్ కంట్రోలర్‌దే కావచ్చు, పరిశోధన మండలిగా మీరు నోరు విప్పొద్దా? ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇంకా మార్గదర్శకాల్లో ఎందుకున్నాయి? ఆగస్టు 15కల్లా టీకా సిద్ధం కావాలని నిరుడు జులైలో మీరు ఆసుపత్రులకు రాసిన లేఖను జనం మరిచిపోయారనుకున్నారా?

బ్రిటన్‌లో ‘రికవరీ’ ట్రయల్ చవకైన డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది. ప్రపంచమంతా దాన్ని అందుకుంది. ట్రయల్ చేసేది అందుకే గదా?

ప్రాణాపాయంలో ఉండి కూడా ఆ 464 మంది మీ ట్రయల్‌కు ఒప్పుకున్నారు. వాళ్ల రుణం ప్రచురణతో తీరదు. ఇకనైనా మీ ట్రయల్ చెప్పిన మాట ముందు మీరు వినండి.

ఇట్లు,
ఒక పౌరుడు