దేశమూ, కాలమూ, కంప్యూటరూ

మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై రెండు పుష్కరాలు దాటింది. తెనాలిలో సొంత యింట్లో అమ్మా, ఆయనా వుంటారు. ఒకప్పుడు వూరి నిండా శిష్యులే అయినా, యిప్పుడాయనకు మిగిలింది ఒకే ఒక విద్యార్థిని - మా తమ్ముడి కూతురు. యేడేళ్ళది. వుండేది డల్లాసులో. ప్రతి ఆదివారం వుదయం యేడు గంటలకు, అంటే వాళ్ళకు శనివారం రాత్రి, నాన్నగారు యిస్త్రీ చొక్కా తొడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంటారు. అటునుంచి "తాతయ్యా!" అని పిలుపు వస్తుంది. పాఠం మొదలవుతుంది. గుణింతాలు ముగిసి ఒత్తుల్లో వున్నారు.

"ఆ పాఠమేదో సెల్‌ఫోనులో చెప్పరాదా?" అని మీరడగవచ్చు. చెప్పి చూశారు. ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు తీయించుకున్న మనిషి. అరచేతిలో యిమిడే బొమ్మలో పిల్ల 'ప' రాసిందో, 'వ' రాసిందో ఆయనకేం తెలుస్తుంది? తలకట్టు చూడలేని పంతులు తప్పులెలా దిద్దుతాడు? అందుచేత 2011లో కొన్న ఆ పెద్ద పెట్టే ఆయనకు బడి.

ఆ బడి ఈ మధ్య వరసగా మూడు ఆదివారాలు తెరుచుకోలేదు. కంప్యూటరు వెలుగుతోంది, ఇంటర్నెట్టు మాత్రం రావడం లేదు. నెట్టు కంపెనీ నుంచి ఒక కుర్రవాడు వచ్చి, తన ఫోనులో ఏదో సినిమా పాట పెట్టి చూపించి, "మా లైను భేషుగ్గా వుందండీ, మీ పెట్టే పాతబడిపోయింది. పారేసి కొత్తది తీసుకోండి" అని చెప్పి వెళ్ళాడట.

నాన్నగారు నాతో ఫోనులో అన్నమాట యిది: "దాని పనీ అయిపోయిందిటమ్మా, నా పనీ అయిపోయింది. పిల్లను ఇంగ్లీషే చదువుకోమను."

ఆ మాట విన్నాక నేను గుంటూరులో కూర్చోలేకపోయాను. శనివారం మధ్యాహ్నం క్లాసు కాగానే బస్సెక్కాను. మా కాలేజీలో కంప్యూటర్లు చూసే కుర్రవాడొకడు, "మేడమ్, తప్పు యెక్కడుందో తెలియకుండా దేన్నీ ముట్టుకోకండి. వీధి గుమ్మం నుంచి లోపలికి ఒక్కొక్క గదే చూసుకుంటూ రండి" అని నాలుగు మెట్లు కాగితం మీద రాసిచ్చాడు. మీ యిళ్ళలోనూ పనికొస్తాయి గనుక చెబుతున్నాను.

మొదటి మెట్టు, గోడకున్న నెట్టు పెట్టె. దాని మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంటే వీధి తీగలోనే లోపం. అప్పుడు మనం యింట్లో యెన్ని తంటాలు పడ్డా లాభం లేదు, కంపెనీ వాళ్ళే రావాలి. ఎర్రదీపం లేకపోతే ఆ పెట్టెను ఆర్పి, అర నిమిషం ఆగి, మళ్ళీ వెలిగించాలి. లోపల యేదన్నా చిక్కుపడితే చాలాసార్లు అంతటితో విడిపోతుంది. మా యింట్లో ఎర్రదీపం లేదు, చిక్కూ లేదు.

రెండో మెట్టు, ఆ పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య వుండే తీగ. కొసన వుండే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగితే తీగ వున్నట్టే వుంటుంది, ఆనదు. తీగ లేకుండా వైఫైతో నడిపేవాళ్ళు మరొకటి గుర్తుంచుకోవాలి. పాత కంప్యూటర్లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే వినిపిస్తుంది. కొత్త పెట్టె 5 గిగాహెర్ట్‌జ్‌లో యెంత గట్టిగా పిలిచినా వాటి చెవిని పడదు. మాది తీగే. నాలుక సరిగానే వుంది.

మూడో మెట్టు, చిరునామా. కంప్యూటరులో నల్లటి కిటికీ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' అని కొడితే నాలుగు అంకెల గుంపులు కనిపిస్తాయి. అవి 192.168తో మొదలైతే నెట్టు పెట్టె మన కంప్యూటరుకు యింటి నెంబరు యిచ్చినట్టే. 169.254తో మొదలైతే అడిగినా యివ్వలేదనీ, యెవరూ పలక్కపోయేసరికి కంప్యూటరు తనంతట తనే ఒక నెంబరు పెట్టుకున్నదనీ అర్థం. మాకు 192.168 వచ్చింది.

నాలుగో మెట్టు, బయటికి ఒక కేక. 'పింగ్ 8.8.8.8' అని కొట్టాను. అటునుంచి జవాబు వచ్చింది. అంకెల బదులు పేరు పెట్టి పిలిచాను. దానికీ పలికింది. అంటే పేర్లను అంకెలుగా మార్చే పట్టికా బాగానే వుందన్నమాట.

లైనుంది, తీగుంది, చిరునామా వుంది, కేకకు జవాబుంది. అయినా ఒక్క పేజీ తెరుచుకోదు! తెరవబోతే ఎర్ర గుర్తుతో ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక వస్తుంది. నేను చటుక్కున మూసేస్తాను. మళ్ళీ తెరుస్తాను, మళ్ళీ వస్తుంది, మళ్ళీ మూస్తాను. ఇలా పదిసార్లు చేశాక నాకే సిగ్గేసింది. యిరవయ్యేళ్ళుగా పిల్లలకు "ముందు ప్రశ్న చదవండర్రా!" అని చెబుతున్నదాన్ని. పదకొండోసారి చదివాను.

"మీ గడియారం వెనకబడి వున్నది" అని రాసుంది.

కుడివైపు మూల చూద్దును గదా, అక్కడ 2011 జనవరి 1వ తేదీ!

సంగతి యేమిటంటే, ఈ రోజుల్లో ప్రతి పేజీ తెరుచుకునే ముందు ఒక యోగ్యతాపత్రం చూపించాలి. బస్సు పాసులాగే దాని మీద 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లును' అని వుంటుంది. ఆ గడువు కొద్ది కాలమే. మా కంప్యూటరు తాను 2011లో వున్నాననుకుంటోంది. ఆ లెక్కన ఈనాటి పాసులన్నీ యింకా పుట్టనివి. కాపలావాడి దగ్గర పాత క్యాలెండరుంటే అసలు చుట్టాన్ని కూడా దొంగే అంటాడు మరి!

తేదీ దిద్దాను. నిమిషంలో అన్ని పేజీలూ తెరుచుకున్నాయి. నాన్నగారి మొహం చూడాలి! తమ్ముడికి ఫోను చేసి, "రేపు పాఠం వుంది, పలక సిద్ధం చెయ్యమను" అన్నారు.

తెల్లవారింది. యేడు గంటలకు యిస్త్రీ చొక్కాతో కూర్చుని పెట్టె వెలిగించారు. మళ్ళీ ఎర్ర గుర్తు. మళ్ళీ 2011 జనవరి 1.

నాన్నగారు ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అటు పిల్ల నిద్ర ఆపుకుని కూర్చుని వుంటుంది. నేను గబగబా తేదీ దిద్ది పాఠం పావుగంట ఆలస్యంగా మొదలు పెట్టించాను గాని, నా బుర్రలో ఒకటే ప్రశ్న: రాత్రి ఏం జరిగింది?

"రాత్రా? పడుకోబోయే ముందు గోడ స్విచ్చి కట్టేశాను. రోజూ కట్టేస్తాగా! పిడుగు పడితే?" అన్నది అమ్మ వంటింట్లోంచి.

అప్పుడు తెలిసింది. గోడ నుంచి కరెంటు అందుతున్నంతసేపూ కంప్యూటరు గడియారం నడుస్తుంది. స్విచ్చి కట్టేస్తే దాన్ని నడిపేది లోపలున్న ఒక బొత్తాం బ్యాటరీ. అది చచ్చిపోతే ప్రతి వుదయమూ పెట్టె తాను పుట్టిన యేటికే వెళ్ళిపోతుంది. కొద్ది నిమిషాల తేడా అయితే ఇంటర్నెట్టు సాయంతో తనే సర్దుకునేది. సంవత్సరాల తేడా వస్తే సాధారణంగా సర్దుకోదు.

"అయితే వెలిగించగానే ఏదో ఒకటి చెప్పి వుండాలే!" అన్నాను.

"చెబుతుంది. నల్లటి తెర మీద నాలుగు ముక్కలు పడతాయి. 'ఎఫ్-1 నొక్కు' అంటుంది, నొక్కుతాను. రెండు నెలలుగా నొక్కుతున్నా" అన్నారు నాన్నగారు. తేదీ పోయిందని ఆ యంత్రం రోజూ వుదయం మొరపెట్టుకుంటూనే వుంది. ఆయన దాని నోరు ఎఫ్-1తో మూయిస్తూనే వున్నారు. నేను ఎర్ర గుర్తును మూసినట్టే! ఇద్దరమూ ఉపాధ్యాయులమే.

బజారుకు వెళ్ళి 'సీఆర్2032' కావాలంటే వెంటనే యిచ్చారు. ఆ పేరులోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు. వెల యాభై రూపాయల లోపే. స్విచ్చి కట్టేసి, ప్లగ్గు పీకేసి, పెట్టె పక్క రేకు విప్పి, ముందు లోపలి యినుమును ఒకసారి ముట్టుకున్నాను - ఒంట్లో దాగిన విద్యుత్తు పోవాలి గనుక. చిన్న కొక్కెం నొక్కితే పాత బిళ్ళ పైకి లేచింది. కొత్తదాన్ని కూడిక గుర్తు పైకి వుండేటట్టు అదిమాను. తేదీ నాన్నగారి చేతనే పెట్టించాను. పాత బిళ్ళను పసిపిల్లల కంట పడనివ్వకండి. మింగితే ప్రాణాపాయం.

యిదంతా విని నాన్నగారు నవ్వి, "అంటే సంకల్పమే కదుటమ్మా! ఏ కర్మకైనా ముందు దేశం చెప్పాలి, కాలం చెప్పాలి. నీ నెంబర్లేవో దేశం, ఈ తేదీ కాలం. కాలం తప్పు చెబితే కర్మ ఫలిస్తుందా?" అన్నారు.

అయితే ఆ పెట్టెకు ముసలితనం రాలేదని నేను మిమ్మల్ని మభ్యపెట్టను. అందులో వున్న విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కాబట్టి దాంట్లో బ్యాంకు పనులు ముట్టవద్దని ఆయనతో ఒట్టు వేయించుకున్నాను. వేసవి సెలవుల్లో ఉచితంగా దొరికే లినక్స్ యెక్కించాలని వుంది. అందాకా పాఠం మట్టుకు సాగుతుంది.

పోయిన ఆదివారం యకారపు ఒత్తు. పిల్ల పలక మీద 'తాతయ' అని రాసి చూపించింది. "ఒత్తేదీ?" అన్నారాయన. అది నాలుక కొరుక్కుని, ఒత్తు పెట్టి, పలకను తెర నిండా ఆనించింది.

అమ్మ యిప్పటికీ రాత్రిళ్ళు గోడ స్విచ్చి కట్టేస్తూనే వుంది. యిప్పుడు నాకేం అభ్యంతరం లేదు.