చీనా చదువు: అడుగవలసిన ప్రశ్న

మొన్న నొక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా కచేరికి వచ్చెను. కుమారుడు వైద్యవిద్యకై చీనా దేశములోని వుహాన్ నగరమునకు పోవనున్నాడు. ఏజెంటుతో చేసికొనబోవు ఒడంబడికను సంతకమునకు ముందే మాకు చూపవలెనని తండ్రి తలంపు. మెచ్చదగిన తలంపు, సంతకమైన పిదప వకీలు నొద్దకు పరుగెత్తువారే లోకమున నెక్కువ.

మేము పత్రము చదువుచుండగా పిల్లవాడు నోటుపుస్తకము తెరచి తన యాశలన్నియు వరుసగా వినిపించెను. వసతిగృహమున గదికి ఇద్దరే యుందురట. వంట చేసికొన వచ్చునట; ఆవకాయ తీసికొనిపోవచ్చునట. గంటకు 300 కిలోమీటర్లు పోవు రైళ్లున్నవట. పాఠములన్నియు ఇంగ్లీషులోనే చెప్పుదురట. ఆరేండ్లలో డాక్టరై తిరిగివచ్చి తన యూరిలోనే ఆసుపత్రి పెట్టునట.

"మంచిది నాయనా, రోగి నీతో ఏ భాషలో మాటలాడును?" అని మేమడిగితిమి.

"క్లాసులన్నీ ఇంగ్లీషులోనేనండీ."

"క్లాసు మాట కాదు, మంచముమీది రోగి మాట."

పిల్లవాడు తండ్రి వైపు చూచెను. తండ్రి పత్రము వైపు చూచెను. పత్రములో దానికి జవాబు లేదు.

అంతియే కాదు. కరపత్రమున రంగురంగుల అక్షరములతో నచ్చువేసిన వాగ్దానములలో నొక్కటియు ఒడంబడికలోనికి దిగలేదు. అందు ఖండితముగా నున్నది యొక్కటే: చెల్లించిన సొమ్ము ఏ కారణముచేతను తిరిగి యియ్యబడదు. ఆ సొమ్మునకై అమ్మజూపిన భూమి రెండెకరములు. ఆశ పిల్లవానిది, భూమి తండ్రిది, లాభము ఏజెంటుది. నష్టము మాత్రము ఏజెంటుది కానేరదు!

వుహాన్ నగరమును మేము నిందింపము. యాంగ్‌ట్సీ, హాన్ నదుల సంగమమున వూచాంగ్, హాంకౌ, హాన్‌యాంగ్ అను మూడు పట్టణములు కలిసి యేర్పడిన మహానగరమది. కోటికి మించిన జనము కలది. 1911 అక్టోబరులో చీనా చక్రవర్తుల ప్రభుత్వమును కూలద్రోసిన విప్లవము అచ్చటనే మొదలయ్యెను. అచ్చట పేరెన్నికగన్న విశ్వవిద్యాలయములు కలవు. కాని అచ్చటి ఆసుపత్రికి వచ్చు ముసలమ్మ తన కడుపునొప్పిని ఇంగ్లీషులో చెప్పుకొనదు. పాఠ్యపుస్తకపు చీనా భాషలోను చెప్పుకొనదు. తన ప్రాంతపు యాసలో చెప్పుకొనును. నొప్పి ఎప్పుడు పుట్టినది, ఎచ్చటికి ప్రాకుచున్నది, అన్నము తినిన పిదప హెచ్చునా తగ్గునా అని అడుగలేని విద్యార్థి ఆచార్యుని వెనుక మూగవలె తిరిగి, సాయంకాలమునకు గదికి మరలును. పుస్తకమును వల్లింపవచ్చును, శవమును కోసి చూడవచ్చును. రోగిని ప్రశ్నింపక వైద్యము నేర్చినవాడు మాత్రము ఎందును లేడు.

మా మాటనే నమ్మనక్కరలేదు. బీజింగులోని మన రాయబార కార్యాలయము 2022 సెప్టెంబరులో నొక హెచ్చరికను ప్రకటించెను. 2015 మొదలు 2021 వరకు చీనాలో చదివి వచ్చి మన దేశపు అర్హతపరీక్షకు కూర్చున్నవారు 40,417 మంది. గెలిచినవారు 6,387 మంది. నూటికి పదునార్గురు! రోగులతో మాటలాడుటకు చీనా భాష నేర్వక తప్పదని ఆ హెచ్చరికయే చెప్పుచున్నది. ఇక మన జాతీయ వైద్య కమిషను 2021 నవంబరులో చేసిన నిబంధనలను చూడుడు. 54 నెలలకు తగ్గని చదువు, ఇంగ్లీషున బోధన, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ కావలెను. అంతేకాక, చదివిన దేశములో ఆ దేశీయులతో సమానముగా వైద్యము చేయుటకు అర్హత యుండవలెను. చీనాలో ఆ అర్హతనిచ్చు పరీక్ష చీనా భాషలో జరుగును. పాఠము ఇంగ్లీషున, పరీక్ష చీనా భాషలో, రోగి యాసలో! ఈ మూటి నడుమ నిలువవలసినవాడు పదునెనిమిదేండ్ల మన పిల్లవాడు.

2020 జనవరి 23వ తేదీన మహమ్మారివలన వుహాన్ నగరపు రాకపోకలు నిలిచెను. ఆ నెల 31 నుండి మన విమానములు పోయి పిల్లలను తీసికొనివచ్చెను. చీనా మరల విద్యార్థులకు వీసాలిచ్చినది 2022 ఆగస్టులో. అంతవరకు రోగి చేయిపట్టి నేర్వవలసిన విద్యను పిల్లలు ఇంటిలో ఫోను తెరమీద నేర్చిరి. ఇంత జరిగిన తరువాతనైనను, మేము చూచిన ఒడంబడికలో అట్టి ఆపదను గూర్చి యొక్క పంక్తియు లేదు.

కొందరు దేశభక్తి పేర, చీనాకు పోనేపోరాదందురు. 2020లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణములర్పించిరి. ఆ దుఃఖము మాకును కలదు. అయినను విద్యకు కంచె వేసిన జాతి బాగుపడదు. 1938లో జపాను దండయాత్రకు గురియైన చీనాకు మన కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపెను. వారు హాంకౌ మీదుగా, అనగా ఈ వుహాన్ మీదుగానే, పోయిరి. వారిలో షోలాపురమువాడగు ద్వారకానాథ కోట్నీసు చీనా భాష నేర్చి, ఆ దేశపు సైనికుల గాయములు కట్టుచు, 1942 డిసెంబరు 9వ తేదీన 32 ఏండ్ల ప్రాయమున ఆ నేలమీదనే మరణించెను. చీనావారు నేటికిని ఆయనను తలచుకొందురు. ఆయనను పంపినది కరపత్రము కాదు. ఆయనను నిలిపినది ఆ జనుల భాష.

చీనావారును మన కీ పాఠమునే చెప్పిపోయిరి. 671లో బయలుదేరిన ఇత్సింగు భారతదేశమున కడుగిడుటకు ముందే శ్రీవిజయమున ఆరునెలలు ఆగి సంస్కృత వ్యాకరణము నభ్యసించెను. తన తరువాత వచ్చువారును అట్లే ఆగి నేర్చికొని రావలెనని వ్రాసెను. అంతకుముందే హ్యూయన్‌త్సాంగు మన కృష్ణాతీరపు ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి ఇద్దరు భిక్షువులయొద్ద అభిధర్మమును చదివెను. వారి మాట తెలియనిదే ఆ చదువు సాగెడిదా?

ఏజెంట్లొక సమాధానము చెప్పుదురు: "చదివినవాడు గెలుచును, చదువనివాడు ఓడును, మా తప్పేమి?" అయ్యా, భాష యక్కరలేదని చెప్పి సీటమ్మిననాడే మీరు విద్యార్థి కాలు విరిచితిరి. కాలు విరిచి, పరుగున నోడినాడని నిందించుట ఏ న్యాయము? కూలికై పరదేశము పోవువానిని పంపు ఏజెంటు నమోదు పొందవలెనని 1983లో పార్లమెంటు చట్టము చేసెను. చదువుపేర పంపువాడు ఆ చట్టమునకు చిక్కలేదు. పంజాబు రాష్ట్రము 2012లో ప్రయాణ ఏజెంట్లకు లైసెన్సు విధించుచు చట్టము చేసెను. మన రెండు తెలుగు శాసనసభలును దానిని ముందుంచుకొని చర్చింపవలెను. కరపత్రములోని ప్రతి వాగ్దానమును ఒడంబడికలో భాగమని శాసింపవలెను.

ప్రభుత్వములు మాత్రము తప్పించుకొనజాలవు. 2024లో నీట్ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైబడిరి. దేశమంతట సీట్లు లక్షకు కొంచెము పైన, అందును దాదాపు సగము ప్రైవేటు కళాశాలలవి. ఇంటి తలుపు మూసినవారికి, పొరుగు గడప త్రొక్కిన పిల్లవానిని తప్పుపట్టు హక్కు లేదు.

ఆ రైతుకు మేము చెప్పినదే చదువరులకును చెప్పుచున్నాము. సంతకమును వాయిదా వేయుడు. ఆ కళాశాల చీనా ప్రభుత్వ మనుమతించిన జాబితాలో నున్నదా, ఇంటర్న్‌షిప్ అచ్చటనే జరుగునా, అచ్చటి అర్హతపరీక్షకు కూర్చుండనిత్తురా, మధ్యలో ఆగిన సొమ్మేమగును? ఈ నాలుగింటికిని జవాబులు వ్రాతమూలకముగా పుచ్చుకొనుడు. నీట్ ఫలితము విదేశ ప్రవేశమునకు మూడేండ్లు చెల్లును. ఒక యేడాది చీనా భాష కిచ్చినచో కొంప మునుగదు. అప్పటికిని పోవలెనను పట్టుదల నిలిచియున్నచో, సంతోషముగా పంపుడు.

పిల్లవాడు వెళ్లునప్పుడు నోటుపుస్తకమును మరల తెరచి, ఆవకాయ మాట క్రింద నొక పంక్తి వ్రాసికొనెను. "నొప్పి ఎక్కడ అని చీనా భాషలో ఎట్లడుగుదురు?" అని. ఆ యొక్క పంక్తి వ్రాసినవాని మీద మాకు నమ్మకము కలదు. వాని ప్రశ్నకు జవాబు చెప్పలేని ఏజెంటునకు మాత్రము గజము భూమియైనను అమ్మి యియ్యకుడు.