ఆదివారం నాటి రేడియో



 ఈ నెల మీతో రేడియో గురించి నాలుగు మాటలు ముచ్చటించాలని ఉంది. ఇందులో నేను ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉంది. కాస్త ఓపికతో చదవండి.

తాడేపల్లిగూడెం దగ్గర మా పల్లెలో, మా ఇంటి గూట్లో, ఒక పాత రేడియో ఉండేది. మా మామ్మ దానికి గుడ్డ కుట్టి తొడిగింది. బ్యాటరీలు నీరసిస్తే వాటిని తీసి ఎండలో పెట్టేవాళ్ళం. సాయంత్రానికి మళ్ళీ కాస్త గొంతు వచ్చేది. ముల్లు మాత్రం ఎప్పుడూ ఒకేచోట, మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద, అంటే విజయవాడ మీద ఉండేది.

రేడియోలో తెలుగు మాట మొదట మద్రాసు నుండి వచ్చింది. అక్కడి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమయింది. అప్పటినుండి కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెలకు అదే ఇంటి చుట్టమైంది. నారుమడికి ఏ మందు కొట్టాలో, తుఫాను ఎటు వస్తోందో అదే చెప్పేది. 1990 మే నెల తుఫానులో మా ఊరంతా రేడియో ఉన్న అరుగుల చుట్టూ చేరడం నాకు బాగా జ్ఞాపకం.

ఇక ఆదివారం వచ్చిందంటే ఆ చిన్న పెట్టెలోంచి ఎన్ని గొంతులు! ఉదయం భక్తిరంజని, ఆ తరువాత వార్తలు, మధ్యాహ్నం నాటకం, సాయంత్రం రైతు సోదరుల కార్యక్రమం, ప్రాంతీయ వార్తలు. మా నాన్నగారి తరం వారైతే హైదరాబాదు నుండి వచ్చే బాలానందం తలచుకునేవారు. దాన్ని నడిపిన న్యాయపతి రాఘవరావు గారినీ, కామేశ్వరి గారినీ ఊరూరా పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచేవారు.

అందరికంటె పెద్దపేరు ఉషశ్రీ గారిది. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. అప్పటి మన పశ్చిమ గోదావరిలోని కాకరపర్రులో 1928లో పుట్టారు, 1990లో కాలం చేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన ధర్మసందేహాలు వస్తుంటే జనం హోటళ్ళ ముందు, అరుగుల మీద గుంపులుగా నిలబడి వినేవారని పెద్దలు చెబుతారు. 1970లలో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు విజయవాడ కేంద్రాన్ని నడిపినవారు బాలాంత్రపు రజనీకాంతరావు గారు. ఆయనదీ మన పక్క ఊరే, నిడదవోలు.

అయితే మా ఇంట్లో ఆదివారం రేడియో మూగది. మా నాన్నగారు సంఘ పెద్ద. ఆరాధన అయి ఇంటికి రాగానే రేడియోను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేవారు. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక మాత్రం బయటికి తీసి, షార్ట్ వేవ్‌లో సీషెల్స్ దీవుల నుండి వచ్చే క్రైస్తవ కార్యక్రమం పెట్టేవారు. హిందూ మహాసముద్రం నడుమ ఉన్న ఆ దీవుల నుండి ఫెబా అనే బ్రిటిషు సంస్థ 1970 మొదలు 2003 వరకు మన తెలుగులో కూడా వాక్యం ప్రసారం చేసింది. అలలాగా ఆ శబ్దం పైకి లేచి, మళ్ళీ అణగిపోయేది. ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం.

మా మామ్మకు చూపు పోయింది. చదువు ముందే లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె గోడ పట్టుకుని నడిచి, పక్కింటి అరుగు మీద కూర్చుని వాళ్ళ రేడియోలో నాటకం వినేది. ఒకసారి నాన్నగారు గట్టిగానే మందలించారు. అప్పుడామె, “ఒరే అబ్బాయ్, నాకు అక్షరం రాదు, కళ్ళు లేవు. దేవుడు మిగిల్చింది ఈ రెండు చెవులేరా. వీటికి కూడా తాళం వేస్తావా?” అంది. నాన్నగారు మాట్లాడలేదు. తాళమూ తియ్యలేదు. ఆనాడు నేను నాన్నగారి పక్షమే. విశ్వాసమంటే అదే అనుకున్నాను.

ఈ తగువు మా ఇంటిలోనే పుట్టింది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో బి.బి.సి.ని తీర్చిదిద్దిన జాన్ రీత్ గారు ఒక ప్రెస్బిటేరియను పాదిరి గారి కుమారుడు. 1924 జనవరి 6న లండనులోని ఒక దేవాలయం నుండి తొలిసారి ఆరాధనను రేడియోలో వినిపించారు. మంచం పట్టినవారికి అదెంత ఆదరణో ఆలోచించండి. అయితే ఆ రీత్ గారే ఆదివారం తేలిక కార్యక్రమాలు ఉండకూడదని కట్టడి చేశారు. ఏమైంది? 1930లలో లక్షల మంది ఆదివారం ముల్లు తిప్పి, లక్సెంబర్గు నుండీ ఫ్రాన్సులోని నార్మండీ నుండీ వచ్చే పాటలు వినసాగారు. తాళం వేస్తే జనం పక్కింటి అరుగు మీదికి వెళ్తారు!

తరువాత వారూ మార్చుకున్నారు. నేడు బి.బి.సి.లో ఆదివారం ఉదయం ఆరాధనా ఉంది, ఆ తరువాత మాటల కార్యక్రమాలూ ఉన్నాయి. ఒక పల్లెటూరి రైతు కుటుంబం కథ వారి దేశంలో 1951 జనవరి 1 నుండి సీరియల్‌గా నడుస్తూనే ఉంది. యుద్ధం తరువాత తిండికి కరువుగా ఉన్నందున, రైతులకు కొత్త సేద్యపు పద్ధతులు కథలో కలిపి చెప్పాలని దాన్ని మొదలుపెట్టారు. వారం పొడుగునా వచ్చిన భాగాలను ఆదివారం కలిపి మళ్ళీ వినిపిస్తారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. డిప్లొమా పూర్తిచేసి మొదటిసారి సేవకు కొల్లేటి లంక గ్రామాల వైపు వెళ్ళాను. కుర్రతనం, వేడి రక్తం. ఒక ఆదివారం ప్రసంగపీఠం మీద నుండి, ప్రభువు దినాన రేడియో, టీవీ ముట్టుకునేవాడు సగం హృదయంతో బ్రతికేవాడని గట్టిగా గద్దించాను. చాలామంది తలలూపారు. నాకు సంతోషమైంది.

ఏళ్ళు గడిచాయి. మొన్న వేసవిలో ఆ ఊరు వెళ్ళి ఒక ముసలాయన్ని చూశాను. చేపల చెరువుల మీద కావలి కాసి బ్రతికిన మనిషి. కళ్ళు కనిపించవు, కాళ్ళు పనిచెయ్యవు. గూట్లో దుమ్ము పట్టిన రేడియో కనిపించి, “పాడైపోయిందా?” అని అడిగాను. ఆయన భార్య నెమ్మదిగా, “లేదండి అయ్యగారూ. మీరు గుళ్ళో చెప్పిన కాణ్ణించి ఆదివారం ముట్టలేదండి. కాలు పడిపోయాక కూడా ముట్టలేదు. గుడికి రాలేడు, రేడియో వినడు. పొద్దు గుంకేదాకా గోడవైపు తిరిగి పడుకుంటాడు” అంది.

నాకు మా మామ్మ గొంతు వినిపించింది. ఆ తాళం ఈసారి వేసింది నేనే. మంచం పక్కన కూర్చుని ఆయన చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. “అయ్యో, మీరు మా మంచికే చెప్పారు గదండీ” అన్నాడాయన. ఆ మాట నన్నింకా బాధిస్తూనే ఉంది. మన మాట నమ్మి చీకటిలో కూర్చున్నవారు ఎందరో మనకేం తెలుసు? విశ్రాంతిదినం ఎవరికోసమో మార్కు సువార్త రెండవ అధ్యాయం చివర చదివి చూడండి. నేనది ఎన్నోసార్లు బోధించాను గాని ఆ గుడిసెలో నేర్చుకున్నాను.

2020లో కరోనా వచ్చి దేవాలయాలు మూసినప్పుడు మనకు మిగిలింది కూడా చెవులే గదా! ప్రసంగాన్ని ఫోనులో రికార్డు చేసి ఇంటింటికీ పంపించాం. విశ్వాసం దేనివలన కలుగుతుందో రోమా పత్రిక పదవ అధ్యాయంలో పౌలు చెప్పినది ఆ నెలల్లో కళ్ళారా చూశాం.

కాబట్టి ప్రియులారా, ఏది పడితే అది వినమని నేననడం లేదు. ఆరాధన సమయం ఆరాధనదే. దాని తరువాత ఒక గంట, ఎవరి ఫోను వారు చూసుకోవడం మాని, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మంచి మాటో, నాటకమో, సేద్యపు సంగతో కలిసి వినండి. విన్నాక దాని గురించి మాట్లాడుకోండి. ఆకాశవాణి ఇప్పుడు ఫోనులో కూడా వస్తుంది. యౌవనస్థులారా, మీ వీధిలో గుడికి రాలేని ముసలివారెవరో కనుక్కోండి. ఆదివారం ఆరాధన రికార్డు చేసి తీసుకువెళ్ళండి. వారి రేడియోకు రెండు బ్యాటరీలు కొనిపెట్టండి. వేసి వచ్చెయ్యకుండా, కాసేపు పక్కన కూర్చుని వారితో కలిసి వినండి.

నేనా రోజు బజారుకు మనిషిని పంపి బ్యాటరీలు తెప్పించాను. దుమ్ము తుడిచి మీట తిప్పితే మొదట గరగర, ఆ తరువాత మనిషి గొంతు. ముసలాయన గోడవైపు నుండి ఇటు తిరిగాడు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం. అంతవరకు ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.