మస్టర్లో లేని పేరుకు లెక్కేది?

కంపెనీలోళ్ళు ఈమధ్య ఒక మాట పట్టుకున్నారు - పునర్వ్యవస్థీకరణ. నోరు తిరగని ఈ మాటకు మన వాడల్లో అర్థం ఒక్కటే. రేపట్నుంచి పనిలోకి రాకు.

విశాఖ ఫిషింగ్ హార్బర్లోనూ, చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలోనూ ఎన్ని చేతులు ఆడతాయో చూడండి. ఐసు కొట్టేవాళ్ళు, గంపలు మోసేవాళ్ళు, రొయ్య తల తీసి ఒలిచేవాళ్ళు, అట్టపెట్టెల్లో సర్ది టేపు వేసేవాళ్ళు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. చెరువు రొయ్యల ఎగుమతి దెబ్బతింది. ఎగుమతిదారుల గోడు పేపర్లకెక్కింది, ఢిల్లీ దాకా పోయింది. మరి పెట్టెలు కట్టే అమ్మ గోడో? సరుకు తగ్గితే ఆమెకు నోటీసు ఉండదు. "కబురు చేస్తాలే" అంటాడు మేస్త్రీ. ఆ కబురు రాదు. ఆమెను తీసేసినట్టు ఏ కాగితంలోనూ ఉండదు, ఎందుకంటే పెట్టుకున్నట్టే ఏ కాగితంలోనూ లేదు.

కాగితం తయారుచేసే చోటా ఇదే తంతు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది. 2018లో జేకే పేపర్ చేతుల్లో మళ్ళీ తెరుచుకుంది. రాజమండ్రి మిల్లు 2011లో అమెరికా కంపెనీకి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్‌కు పోయింది. చేతులు మారినప్పుడు బ్యాంకు బాకీలకు లెక్క ఉంటుంది. పర్మనెంటు కార్మికుడికి కొట్లాడ్డానికి సర్వీసు రికార్డన్నా ఉంటుంది. కర్ర దింపినోడికి, బండిళ్ళు ఎత్తినోడికి ఏముంది?

ఈ పనుల్లో ఉన్నదెవరు? మాల, మాదిగ, రెల్లి పేటలవాళ్ళు, బోటు లేని పేద జాలర్లు. కాంట్రాక్టరు గేటు దగ్గర రిజర్వేషన్ చెల్లదు. కంపు పని, బరువు పని మాత్రం మనకే రిజర్వు! ఉక్కు ఫ్యాక్టరీకి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది అక్కడ కాంట్రాక్టు కార్మికుల్ని వేలల్లో తీసేశారు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకొచ్చాయి. 300 మంది లోపున్న ఫ్యాక్టరీ మూసెయ్యాలన్నా, మనుషుల్ని తీసెయ్యాలన్నా సర్కారు అనుమతి అక్కర్లేదు. కేంద్ర చట్టంలో ఈ లెక్క ఇదివరకు 100. అయితే ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని అదే చట్టాలు చెబుతున్నాయి. ఏడాది పైబడి చేసినవాణ్ణి తీసేస్తే సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. రుజువుంటేనే సుమా!

కాబట్టి అక్కలారా, అన్నలారా! నియామక పత్రం అడగండి. పీఎఫ్ నంబరు అడగండి. ఒక్కరుగా వద్దు, గుంపుగా అడగండి. ఇంటికో నోటుబుక్కు పెట్టి తేదీ, మేస్త్రీ పేరు, ఇచ్చిన కూలి ఏ రోజుకారోజు బడిపిల్లల చేత రాయించండి. పర్మనెంటు కార్మికుల యూనియన్లు కూడా తమ డిమాండ్ల పత్రంలో మొదటి వరసలో కాంట్రాక్టు కూలీని పెట్టాలి. అంబేద్కర్ 1936లో పెట్టిన మొదటి పార్టీ పేరులోనే కార్మికుడున్నాడని మరవొద్దు.

ఎగుమతి పెట్టె మీద కంపెనీ పేరుంటుంది, తూకం ఉంటుంది, తేదీ ఉంటుంది. దాన్ని కట్టినామె పేరు మస్టర్లోకి ఎక్కాల్సిందే!