వెల చెప్పని సరుకు

అగ్గిపెట్టె మీద ధర ఉంటుంది. సబ్బుబిళ్ళ మీద ఉంటుంది. ఆమాటకొస్తే దినపత్రిక నెత్తిన కూడా దాని వెల అచ్చువేసి ఉంటుంది. మరి ఆ పత్రికలో నాలుగు వరుసల ప్రకటన వేయించుకోవాలంటే ఎంతవుతుందో, దాన్ని తిరగేసి బోర్లేసి చూసినా చాలాసార్లు కనపడదు. అదేమిటండీ అంటే "ఏజెంటును అడగండమ్మా" అంటారు.

డొంకరాయిలో మాకు తెలిసిన గిరిజన కుర్రవాడొకడున్నాడు. సీలేరు మీద ఆనకట్టా, విద్యుత్కేంద్రమూ ఉన్న ఊరది. బళ్ళో చేర్చుకున్న పంతులుగారు అతని పేరు తన చెవికి ఎలా వినపడితే అలా రాసేశారు. ఇంట్లో పేరొకటి, సర్టిఫికెట్‌లో పేరొకటి. గెజిట్‌లో పేరు సరిచేయించుకోవాలంటే ముందు పత్రికలో ప్రకటన వేయించి, ఆ కాగితం జతచేయాలన్నారు. సరే, కొండ దిగి పట్నం వెళ్ళాడు. ఒక ఏజెంటు ఒక రేటు చెప్పాడు. పక్కవీధి ఏజెంటు అదే పత్రికకి, అదే సైజుకి దాదాపు రెట్టింపు చెప్పాడు. ఇదేం చోద్యమని నేను ఫోన్ చేసి అడిగితే, "జిల్లా ఎడిషన్నిబట్టి ఉంటుందండీ" అన్నాడు. నిజమే, జిల్లా పేజీకి ఒక రేటు, రాష్ట్రమంతటా వేస్తే ఇంకో రేటు. కానీ డొంకరాయి నిన్నమొన్నటిదాకా తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినప్పుడల్లా ఆ పిల్లవాడి పేరు ఖరీదు కూడా మారాలి కాబోలు!

పత్రికల దగ్గర రేటు కార్డులు లేవని నేననను. చదరపు సెంటీమీటరుకింత, మొదటి పేజీకైతే ఇంత, రంగులకైతే ఇంత అని శుభ్రంగా ఉంటాయి. అయితే అది పెళ్ళిచూపుల్లో చెప్పే మొదటి అంకెలాంటిది. పెద్దలు లోపలి గదిలోకి వెళ్ళి మాట్లాడుకునేది వేరు. ఏడాది పొడుగునా పేజీలకు పేజీలు కొనే నగల దుకాణాలవాళ్ళు ఆ కార్డు రేటే ఇస్తారనుకుంటున్నారా? టోకున కొనేవాడికి తగ్గించడం వ్యాపార ధర్మమే, కాదనను. తగ్గింపు పెద్దవాడికీ, దాపరికం చిన్నవాడికీ దక్కడమే నా గొడవ.

ప్రభుత్వ ప్రకటనలకు చూడండి, ఈ గుట్టు లేదు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ పత్రిక ప్రతుల సంఖ్యనుబట్టి రేటు కట్టి బయటపెడుతుంది. లక్ష ప్రతుల దినపత్రికలో నలుపు తెలుపు ప్రకటనకి చదరపు సెంటీమీటరుకు 47.40 రూపాయలుండేది. 2025 నవంబరులో 59.68 చేశారు. సర్కారు విషయంలో బజారున పెట్టగలిగిన ధర, సీలేరు ఒడ్డు కుర్రవాడికి చెప్పడానికేం అడ్డం?

"వ్యాపార రహస్యమండీ" అంటారు. ఆ రహస్యం ఎంతదాకా వెళ్ళిందో చూశాం కదా! 2009 ఎన్నికల్లో అభ్యర్థుల పొగడ్తలు వార్తల వేషం వేసుకుని వచ్చాయి. వాటికీ రేట్లున్నాయి. 'ప్యాకేజీ' అనేవారు. ఏ కార్డు మీదా ఉండేవి కావు, నోటిమాటే. దీనిమీద పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి 71 పేజీల నివేదిక రాస్తే, ప్రెస్ కౌన్సిల్ 2010లో దాన్ని కుదించి చిన్నది ప్రచురించింది. కేంద్ర సమాచార కమిషన్ చెబితేగాని 2011లో పూర్తి నివేదిక వెలుగు చూడలేదు. కౌన్సిల్లో పత్రికల యజమానులూ సభ్యులే మరి. (ఈ మాట ఇక్కడ అచ్చవుతుందో లేదో ఎడిటరుగారి దయ.)

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. పేరు మార్పు, పోయిన సర్టిఫికెట్లు, తప్పిపోయిన మనుషులు - జనం విధిలేక వేయించుకునే ఈ ప్రకటనలకైనా, ఏ జిల్లా పేజీకి ఎంతో, ఏజెంటు కమిషనుతో సహా, క్లాసిఫైడ్స్ పేజీ నెత్తిన రెండు వరుసలు అచ్చువేయండి. చోటు లేదంటారా? ఆ రెండు వరుసలకీ ఎంతవుతుందో చెప్పండి, నేనే కడతాను.