బ్యాటుకు వేలంపాట సరే... ఫిల్టరుకు పాట పాడేదెవరు?

2011 జులై. లండన్‌లో ఓ పెద్ద విందు. బల్లల చుట్టూ సంపన్నులు, వాళ్ల మధ్య మన క్రికెటర్లు. భోజనాలతో పాటే వేలం కూడా సాగింది. ఆ ఏప్రిల్‌లో ముంబయిలో ప్రపంచకప్ ఫైనల్‌ను సిక్సర్‌తో ముగించిన ధోనీ బ్యాటు పాటకొచ్చింది. లక్ష పౌన్లకు ఖాయమైంది! అప్పటి లెక్కలో సుమారు 72 లక్షల రూపాయలు. ఆ సొమ్ము ధోనీ భార్య సాక్షి పేరిట ఉన్న ఫౌండేషన్‌కు, పేద పిల్లల కోసం.

'ఒక్క చెక్క ముక్కకు అంత డబ్బా!' అని ముక్కున వేలేసుకోవడం మామూలే. కానీ కాస్త ఆగి ఆలోచిద్దాం. ఎందుకంటే ఇలాంటి విందులు పెరుగుతున్నాయే కానీ తగ్గడం లేదు. 2024 ఆగస్టులో కె.ఎల్.రాహుల్, అతియా శెట్టి దంపతులు ముంబయిలో క్రికెటర్ల వస్తువులు వేలం వేశారు. కోహ్లీ జెర్సీ ఒక్కటే 40 లక్షలు పలికింది. మొత్తం 1.93 కోట్లు వచ్చాయి. 2025 జులైలో యువరాజ్ సింగ్ తన 'యూవీకెన్' సంస్థ కోసం లండన్‌లో విందు ఇస్తే సచిన్, లారాలతో పాటు మన జట్టంతా హాజరైంది.

ఈ విందుల మర్మం చాలా తేలిక. బల్ల ఇంత అని అమ్ముతారు. ఆటగాడి పక్క కుర్చీకి గిరాకీ ఎక్కువ. తిండి, హాలు, అలంకరణల ఖర్చు ఎవరైనా స్పాన్సర్ భరిస్తే సరి, లేదంటే అదంతా పోనూ మిగిలిందే సాయం. ఇచ్చేవాళ్లలో కొందరు ఫొటో కోసమే ఇస్తారనుకుందాం. అయితే ఏం? ఇచ్చారుగా! క్యాన్సర్‌ను జయించి వచ్చిన యువరాజ్ పెట్టిన ఆ సంస్థే 2021లో, కొవిడ్ కాలంలో, నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రిలో 120 అత్యవసర చికిత్స పడకలు ఏర్పాటు చేసింది. ఆ పడకల మీద పడుకున్నవాళ్లకు దాతల మనసులో ఏముందన్నది అనవసరం.

నన్ను ఆలోచింపజేసింది మరో సంగతి. ఈ వెలుగుల వెనక్కి వెళ్లి చూస్తే చాలాచోట్ల ఒక ఆడమనిషి కనిపిస్తుంది. రాహుల్ దంపతుల వేలం డబ్బు వెళ్లింది విప్లా ఫౌండేషన్‌కు. అది వినికిడి లోపం, బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల కోసం బడి నడుపుతోంది. దానికి పునాది వేసింది అతియా అమ్మమ్మ విపులా కాద్రి. 1988లో మొదలుపెట్టారావిడ. అంటే మనవరాలి భర్త బ్యాటు పట్టకముందే, ఏ తారా లేని రోజుల్లోనే, ఆ పని నడుస్తోందన్నమాట. సచిన్ అండగా నిలిచిన 'అప్నాలయ' సంగతీ అంతే. ముంబయి మురికివాడల్లో ఆ సంస్థ పనిని ఏళ్ల తరబడి మోసింది ఆయన అత్తగారు అన్నాబెల్ మెహతా.

అంత దూరం ఎందుకు, మన అనంతపురమే చూడండి. టెన్నిస్ వీరుడు రఫెల్ నడాల్ 2010 అక్టోబరులో అక్కడికి వచ్చి టెన్నిస్ బడి ప్రారంభించారు. పల్లె పిల్లలు, ఆడా మగా, రాకెట్ పట్టుకోవడంతో పాటు ఇంగ్లిషు, కంప్యూటరూ నేర్చుకునే బడి అది. నడాల్ ఫౌండేషన్‌కు అధ్యక్షురాలు ఆయన తల్లి అనా మరియా పరేరా. ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా అనంతపురమే ఎందుకు? ఎందుకంటే అక్కడ 1969 నుంచీ విన్సెంట్ ఫెర్రర్, ఆ తర్వాత ఆయన భార్య అన్నే ఫెర్రర్ నడుపుతున్న ఆర్డీటీ ఉంది. ఏ పల్లెలో ఎన్ని ఇళ్లు, ఏ పిల్ల ఏ తరగతి అన్న వివరాలు వాళ్ల పుస్తకాల్లో ఉంటాయి. స్పెయిన్‌లో వేలాది మామూలు కుటుంబాలు నెలనెలా చిన్న మొత్తాలు పంపి ఆ పనిని నిలబెట్టాయి. విన్సెంట్ ఫెర్రర్ 2009లో కన్నుమూసినా పని ఆగలేదు కాబట్టే మరుసటి ఏడాది నడాల్ రాగలిగాడు. తారలు వచ్చి సంస్థను పుట్టించలేదు, ఉన్న సంస్థ దగ్గరికే తార వచ్చాడు.

ఇక మన పశ్చిమ ప్రకాశానికి వద్దాం. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరువి. అన్నింటికీ ఉమ్మడి ఆస్తి ఒకటే, నీటి కరువు! నీళ్లున్న చోటేమో ఫ్లోరైడ్. నీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని మన దేశంలో తొలిసారి వైద్యులు రాసింది 1937లో. అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చట. అంతకు మించిన బోరు నీళ్లు తాగి పళ్లకు గార పట్టిన ఆడపిల్ల పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని నవ్వుతుంది. నలభై దాటకుండానే నడుము వంగిపోయినా బిందె మోయక తప్పదు.

కృష్ణా నీళ్లు తెస్తామన్న వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. 1996లో పుట్టిన పాపకు ఈలోపు పెళ్లయి పిల్లలూ పుట్టి ఉంటారు.

సర్కారు నీళ్లు ఆలస్యమైన చోటే దాతల పని. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సేవకు ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలనీ అంటోంది. పలకల పరిశ్రమ తప్ప చెప్పుకోదగ్గ ఫ్యాక్టరీ లేని మార్కాపురానికి 'చుట్టుపక్కల' ఎవరున్నారు? విందుల డబ్బూ అంతే, దాతలకు తెలిసిన ఊళ్ల వైపే పారుతుంది. సచిన్ ఎంపీగా 2014లో దత్తత తీసుకున్న పుట్టంరాజువారి కండ్రిగ మన పొరుగున అప్పటి నెల్లూరు జిల్లాలోదే. ఊరు బాగుపడింది, సంతోషం. కానీ ఒక ఆటగాడు ఎన్ని ఊళ్లు ఎత్తుకోగలడు?

ఆ మధ్య మార్కాపురం వైపు ఒక పొదుపు సంఘం లీడరుతో మాటల్లో ఈ విందుల సంగతి చెప్పాను. ఆమె నవ్వేసింది. "ఆ బ్యాటు కొన్నాయన మా ఊరొస్తే నీళ్ల ప్లాంటు పెట్టిస్తాడేమోలే అక్కా. రిబ్బను కత్తిరిస్తాడు, రాయి మీద పేరు చెక్కిస్తారు. మూడేళ్లకు లోపల పొర పాడైతే మళ్లీ ఎవురిని పిలవాల?" అంది.

సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. ఆర్వో ప్లాంటులో నీటిని వడగట్టే పొర, మెంబ్రేన్ అంటారే, అది రెండు మూడేళ్లకోసారి మార్చాలి. మోటారు, కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం సరేసరి. ప్లాంటు ఇవ్వడానికి దాత దొరుకుతాడు, ప్రారంభోత్సవం ఉంటుంది కాబట్టి. మెంబ్రేనుకు దొరకడు. దానికి రిబ్బను ఉండదు, ఫొటో ఉండదు. ఏ విందులోనూ దాన్ని పాటకు పెట్టరు.

ఓ చిన్న లెక్క వేసి చూశాను. రోజుకు 200 క్యాన్లు పోయే ప్లాంటు ఉందనుకోండి. క్యానుకు ఒక్క రూపాయి మరమ్మతుల పేర పక్కన పెడితే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. ధోనీ బ్యాటు ధర ఇలాంటి వంద ఊళ్లకు ఒక ఏడాది మరమ్మతుల ఖర్చన్నమాట!

ఆ రూపాయి పక్కన పెట్టి లెక్క రాసేవాళ్లు మనకు లేరా? సారా ఉద్యమం తర్వాత, 1993లో, పక్కనున్న నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున 'పొదుపు లక్ష్మి' మొదలుపెట్టిన నేల ఇది. నెలనెలా మీటింగు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు లెక్క అన్నీ వాళ్లకు అలవాటే. కాకపోతే ఆ పుస్తకమంతా అప్పులు, వాయిదాలతోనే నిండిపోతోంది. ప్లాంటు మాత్రం కాంట్రాక్టరు చేతిలోనో, ఊరి పెద్ద చేతిలోనో ఉంటోంది. నీళ్లు మోసేది ఆడవాళ్లయితే తాళంచెవి మగవాళ్ల జేబులో ఎందుకుండాలో నాకైతే అర్థం కాదు.

అమెరికాలో మన తెలుగు సంఘాలు మహాసభలకు ముందు బాంక్వెట్ పేరుతో విందు చేస్తాయి. అక్కడికి వెళ్లేవాళ్లలో మన వైపు బిడ్డలూ ఉంటారు. సంక్రాంతికి ఊరొచ్చి "ఏం చేయమంటారు పిన్నీ?" అని అడుగుతారు. గుడికి గోపురమో, బడికి గేటో చెప్పేస్తాం. ఈసారి ఆ మాట వచ్చినప్పుడు మూడు కాగితాలు ముందు పెట్టండి. ఊరి బోరు నీటి పరీక్ష రిపోర్టు, ప్లాంటుకు నెల ఖర్చు, సంఘం తీర్మానం. సాయాన్ని ఒక్కసారిగా కాక అయిదేళ్ల పాటు ఏటా ఇంత అని సంఘం ఖాతాలో వేయమని అడగండి. నీటి పరీక్ష కష్టమేం కాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, ఏ బోరువో, ఏ తేదీన పట్టారో మీద రాసి ఇస్తే చాలు.