ఏసీ ఎంతలో పెట్టాలి అని అడక్కండి

"శీతరక్త జంతువు" అనే మాటని మన హైస్కూలు సైన్సు పుస్తకాల్లో పెట్టినాయన ఎవరో దొరికితే నాలుగు కడిగెయ్యాలని ఉంది నాకు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మా ఇంట్లో ఒక పాము పిల్లని దాదాపు చంపేశాను.

ఇప్పుడెందుకు ఈ గోల అంటారా? పోయిన వారం ఫ్రిస్కోలో ఉండే మిత్రుడొకడు ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి పోరు పడలేక బాల్ పైథాన్ పిల్లని కొన్నాట్ట. "బాసూ, మీ ఇంట్లో కూడా ఉంది కదా, దీనికి ఏసీ ఎంతలో పెట్టాలి?" అని అడిగాడు. ఏసీ! ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే 2020 నవంబరులో ఇర్వింగులో నేను చేసింది అచ్చం అదే. మా అమ్మాయి కోసం అరవై డెబ్భై గ్రాముల పిల్లని తెచ్చి, హాల్లో ఓ మూల డబ్బాలో పెట్టి, ఇంటి థర్మోస్టాట్ ఎప్పట్లాగే 72 ఫారెన్‌హీట్‌లో ఉంచాను. అంటే 22 సెల్సియస్. చల్లటి రక్తం కదా, చల్లగా ఉంటే హాయిగా ఉంటుందిలే అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివిన బుర్ర!

ఎలుకపిల్లని మింగింది. మూడో రోజున కక్కేసింది. ఆ వాసన గురించి రాయను, మీరు భోజనం చేస్తూ చదువుతున్నారేమో. ఇంకో రెండు వారాలకి మూతి దగ్గర నురగ, తల పైకెత్తి నోరు తెరుచుకుని ఊపిరి పీల్చడం. పాముల్ని చూసే పశువైద్యురాలు దొరకడానికే ఒక రోజు పట్టింది. ఆవిడ పరీక్ష చేసి మందు రాసే ముందు అడిగిన మొదటి ప్రశ్న, "డబ్బాలో వేడి వైపు ఎంత ఉంది, చల్ల వైపు ఎంత ఉంది?" రెండు వైపులుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

పాము రక్తం చల్లగా ఉండదు మహాప్రభో. దాని ఒంట్లో మనకున్నట్టు హీటరు లేదు, అంతే. వేడిని బయట నుంచి అప్పు తెచ్చుకుంటుంది. తిన్నది అరగాలన్నా, రోగంతో పోరాడాలన్నా ఆ అప్పు వేడితోనే. 22 డిగ్రీల్లో పెడితే ఎలుక కడుపులోనే కుళ్ళుతుంది గానీ అరగదు. ఆ మాటకొస్తే, బర్మా కొండచిలువ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని కండరాలు వణికిస్తూ తనే వేడి పుట్టిస్తుంది. దాన్నేమంటారు మరి, పార్ట్ టైం ఉష్ణరక్త జంతువా?

మన వాళ్ళ మీద నాకు మంట ఎక్కడంటే, ఇదేదో తెలియని విద్య కాదు. రోజూ ఆఫీసులో చేసే పనే. సర్వర్ ర్యాకు ముందు గాలి 18 నుంచి 27 మధ్య ఉండాలంటాం. సెన్సర్లు పెడతాం, అలారాలు పెడతాం, తెల్లారుజామున మూడింటికి ఫోన్ మోగితే తిట్టుకుంటూ లేస్తాం. ర్యాకు ముందు ఒక లెక్క, వెనక ఒక లెక్క అని తెలుసు. అదే మనిషి ఇంటికొచ్చి ప్రాణమున్న జీవికి గోడ మీద ఒక్క నంబరు చూసి "ఓకే" అంటాడు.

ఒక్క నంబరు కాదు, రెండు చివరలు. బాల్ పైథాన్ పిల్లకి వేడి చివర నేల 31-33 సెల్సియస్, అంటే 88 నుంచి 92 ఫారెన్‌హీట్. చల్ల చివర 25-27. రాత్రి కూడా ఎక్కడా 24కి తగ్గకూడదు. మధ్యలో అది తన అవసరం కొద్దీ తిరుగుతుంది. తిన్నాక వేడి వైపుకి, చాలనిపిస్తే ఇవతలికి. ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. దాక్కునే గూడు రెండు చివరలా ఉండాలి. పిల్లపాముకి లోకమంతా శత్రువులే. గూడు చల్ల వైపు మాత్రమే ఉంటే, అరగక ఛస్తున్నా సరే ఆ గూట్లోంచి కదలదు. వేడికీ భయానికీ పోటీ పెడితే భయమే గెలుస్తుంది. డబ్బా మరీ చిన్నదైతే ఇంకో తంటా, మొత్తం ఒకే వేడిగా తయారవుతుంది, ఇక తప్పించుకునే చోటే ఉండదు.

"ఆఫ్రికాలో థర్మోస్టాట్లున్నాయా?" అని ఒకాయన వెటకారం చేశాడు నాతో. లేవండీ. చెదపుట్టలున్నాయి, ఎలుక బొరియలున్నాయి. బాల్ పైథాన్లు పగలంతా వాటిల్లోనే ఉంటాయి. మే నెలలో మా పేరాలలో ఎండ నలభై దాటినప్పుడు రోడ్డు మీద పాము పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రాజస్థాన్ భరత్‌పూర్ అడవిలో మన కొండచిలువలు ముళ్ళపందుల బొరియల్లో కాపురం ఉంటాయి, చలికాలంలో బొరియ వాకిట్లోకొచ్చి ఎండ కాచుకుంటాయి. అడవిలో దానికి వంద చోట్లున్నాయి. మీరిచ్చింది రెండున్నర అడుగులు. మిగతా తొంభై తొమ్మిది తీసేసింది మీరే కాబట్టి లెక్క చూసుకోవాల్సింది కూడా మీరే.

ఇక రెండో తప్పు. డాక్టరమ్మ దగ్గర్నుంచి వస్తూ వస్తూ దార్లో పెంపుడు జంతువుల షాపులో హీట్ మ్యాట్ కొన్నాను. థర్మోస్టాట్ కావాలా అనడిగితే కుర్రాడు "అక్కర్లేదు, ఇది అంత వేడెక్కదు" అన్నాడు. నమ్మేశాను. కిట్టుతో వచ్చిన గుండ్రటి ముల్లు థర్మామీటరు గాజుకి అంటించి ఉంది, అది 84 చూపిస్తోంది. అబ్బో, బాగుంది. ఎందుకో అనుమానమొచ్చి ఆఫీసు మిత్రుడి దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి నేల మీద కొడితే 46 సెల్సియస్! ముల్లు గాజు పక్క గాలిని కొలుస్తోంది, పాము పొట్ట నేల మీద ఉంది. పొట్ట కింద కాలుతుంటే పాము మనలాగా చటుక్కున లేచిపోదు, అక్కడే పడుకుని కాలిపోయినవి బోలెడు. మాది ఆ పూట చల్ల వైపు ఉంది కాబట్టి బతికిపోయింది. నా తెలివి వల్ల కాదు.

కాబట్టి పాముకంటే ముందు థర్మోస్టాట్ కొనండి. దాని ప్రోబుని మ్యాట్ మీద కదలకుండా బిగించండి. వదులుగా వదిలేస్తే ఏదో రోజు పాము దాన్ని చల్ల వైపుకి తోసేస్తుంది, కంట్రోలరేమో "ఇంకా చల్లగానే ఉంది" అనుకుంటూ కరెంటు తోస్తూనే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ లూపులో సెన్సర్ ఊడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? వేడి రాయి అని ఒకటి అమ్ముతారు, దాని జోలికి పోకండి. ఖాళీ డబ్బాని రెండ్రోజులు నడిపి, పొద్దున, రాత్రి కొలిచి, ఆ తర్వాతే పిల్లని తెచ్చుకోండి. ప్రొడక్షన్లో టెస్ట్ చెయ్యకూడదని ఇంటర్వ్యూల్లో చెప్తాం కదా.

తేమ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం మా నాన్న. హీటరేశాక డబ్బా ఎండిపోయి, పాము కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. మాటల్లో ఫోన్లో చెప్పాను. ఆయన నలభై ఏళ్ళు గుంట మగ్గం నేసిన మనిషి. "ఏందిరా, అంత చదువుకుని ఇది తెలీదా? పడమటి గాలి కొట్టిన రోజు పడుగు పోగులు టపటపా తెగుతాయి. గుంటలో కాసిని నీళ్ళు చల్లి నేస్తాం. దానికీ కాస్త తడి చూపించు" అన్నాడు. అరవై శాతం తేమ అని డాక్టరమ్మ కాయితం మీద రాసిచ్చింది, కానీ నాకెక్కింది నాన్న మాటే. నీళ్ళగిన్నె పెద్దది పెట్టి, చల్ల వైపు గూట్లో తడి నాచు పరిచాను. తర్వాతి కుబుసం తోక దాకా ఒక్క ముక్కగా వచ్చింది. (పాముకి పాలు పట్టించమని మాత్రం చెప్పలేదు మా నాన్న, నాగుల చవితి బ్యాచ్ గమనించగలరు.)

అసలు పరీక్ష 2021 ఫిబ్రవరిలో వచ్చింది. పదిహేనో తారీకు తెల్లారేసరికి టెక్సాస్‌లో కరెంటు కోతలు. మర్నాడు డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 19. మా హాల్లో 9. థర్మోస్టాటూ లేదు, మ్యాటూ లేదు, మిగిలింది లెక్క మాత్రమే. పిల్లని దిండు గలీబులో వేసి మూతి కట్టి, థర్మాకోల్ పెట్టెలో ఒక పక్క పెట్టాను. రెండో పక్క తువ్వాల్లో చుట్టిన వేణ్ణీళ్ళ సీసాలు. నీళ్ళు గ్యాస్ స్టవ్ మీద కాచేవాళ్ళం, అదృష్టం కొద్దీ గ్యాస్ ఆగలేదు. పెట్టెలోకి బ్యాటరీ థర్మామీటరు ప్రోబు దూర్చి, మా ఆవిడ, అమ్మాయి, నేను వంతులేసుకుని గంటగంటకీ చూసుకున్నాం. రెండు రాత్రులు 25 తగ్గనివ్వలేదు. తిండి మాత్రం పెట్టలేదు, వేడి లేనప్పుడు తిండి పెడితే ఏమవుతుందో అప్పటికే నేర్చుకున్నాను కదా.

హైదరాబాదు నుంచి "మాకూ ఒకటి కావాలి" అనేవాళ్ళకి ఒక మాట. మన దేశపు కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. ఇంట్లో పెట్టుకుంటే జైలే, థర్మోస్టాట్ ఉన్నా సరే. బాల్ పైథాన్ లాంటి విదేశీవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన సవరణతో చట్టం కిందకొచ్చాయి, 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చెయ్యాలి. కాయితాలు లేకుండా ఇన్‌స్టాగ్రాంలో అమ్మే పిల్లల్ని కొని దొంగరవాణాని పెంచకండి.

ఇంతా చెప్పాక ఫ్రిస్కో మిత్రుడు కాస్త నొచ్చుకున్నాడు. "మరీ అంత సీన్ లేదులే, మ్యాట్ పెట్టాను, బానే ఉంది" అన్నాడు. గన్ పెట్టి నేల ఫోటో తీసి పంపమన్నాను. గంట తర్వాత పంపాడు. 41. పాము దాని మీదే చుట్ట చుట్టుకుని ఉంది. ఫోన్ పెట్టకుండానే ప్లగ్గు పీకించాను.